ప్లగ్గు పండితుడు

మన బండి మొదటి కిక్కుకే స్టార్టయితే ఈయన మనకు జన్మలో పరిచయం కాడు. ఐదారు కిక్కులు పడి, చొక్కా వీపుకి అంటుకున్నాక, ఏ సందులోంచి వస్తాడో తెలియదు గానీ వస్తాడు. చేతిలో పాల పాకెట్టు ఉంటుంది. ఆ పాల కోసం ఇంట్లో డికాషన్ మరిగి మరిగి ఇగిరిపోతూ ఉంటుంది. ఆయనకి పట్టదు.

"ఆగండాగండి, కొట్టకండి. ఏదీ, ఒక్కసారి కొట్టండి."

మనం కొడతాం. ఆయన కళ్లు మూసుకుని, తల పక్కకి వాల్చి, త్యాగరాజ ఆరాధనలో ముందు వరసలో కూర్చున్న రసికుడిలా వింటాడు. "ప్లగ్గుకి కరెంటు అందట్లేదు" అని తేల్చేస్తాడు. చెవితో పట్టేసిన రోగానికి ఇక తిరుగు లేదు.

ఆయన శాస్త్రం తప్పని అనలేం. పెట్రోలు, గాలి, నిప్పురవ్వ, వాటిని సిలిండరులో గట్టిగా అదిమే ఒత్తిడి: ఇంజను అడిగేది ఇంతే. ప్లగ్గు విప్పి చూస్తే సగం కథ తెలిసిపోతుంది. పొడిగా ఉంటే పెట్రోలు దిగట్లేదు, తడిసి ముద్దయితే ఎక్కువైంది, నల్లగా మసి పట్టి ఉంటే రవ్వ పుట్టడం కష్టం. ఆ ప్లగ్గుకే మళ్లీ టోపీ తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించి కిక్కు కొడితే నీలం రవ్వ ఎగరాలి. షెడ్డులో మెకానిక్కు చేసేదీ అదే. కాకపోతే మెకానిక్కుకి బండి స్టార్టవ్వాలి, మన పండితుడికి అవ్వకూడదు. అయిందా, సభ ముగిసినట్టే.

అంచేత చికిత్స కన్నా విచారణే ఎక్కువ. "పెట్రోలు ఎక్కడ కొట్టించారు?" మనం ఏ బంకు చెప్పినా "అదీ సంగతి!" అంటాడు. ట్యాంకు మూత తీసి వాసన చూస్తాడు. నీళ్లు కలిశాయంటాడు, ఇథనాల్ అంటాడు. చివరికి గొంతు తగ్గించి, "ఈ మధ్య బండి ఎవరికైనా ఇచ్చారా?" అని అడుగుతాడు. మా బావమరిది తీసుకెళ్లాడండీ అన్నామో, ఇక ప్లగ్గు విప్పాల్సిన పని కూడా లేదు.

ఈ పాండిత్యం ఊరికే అబ్బలేదు లెండి. చేతక్ 1972లో వచ్చింది. పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు కాచుకుంటే గానీ ఇంటికి రాని బండి. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి. చెయ్యి కాస్త ఉదారమైతే ప్లగ్గుకి మసి. అందుకని డిక్కీలో ప్లగ్గు పానా, గరుకు కాగితం, స్పేరు ప్లగ్గు లేకుండా గుమ్మం దాటేవాళ్లు కాదు. మొరాయిస్తే బండిని ఓ పక్కకి వంచి, పెట్రోలు కిందికి దింపి, మళ్లీ నిలబెట్టి కొట్టేవాళ్లు. ఏ పక్కకి వంచాలన్న దాని మీద పండితుల్లో ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. ఇద్దరు ఒకేచోట తటస్థపడితే బండి రెండు వైపులా వంగాల్సిందే.

ఆయన విద్యకి అసలు దెబ్బ 2020 ఏప్రిల్ 1న తగిలింది. బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా స్కూటర్లలో కార్బురేటర్ పోయింది. పెట్రోలు ఎంత చిమ్మాలో లోపలున్న చిన్న కంప్యూటరు లెక్క చూసుకుంటుంది. ఈయన మాత్రం సీటు కింద తడుముతూ చోక్ కోసం వెతుకుతూనే ఉంటాడు. ఓ రోజు పక్కింటి కొత్త బండి బటన్ నొక్కినా కిమ్మనలేదు. ప్లగ్గు బయటికొచ్చింది, ఎయిర్ ఫిల్టరు బయటికొచ్చింది, చుట్టూ నలుగురు మూగారు. స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్ల అంది: "అంకుల్, సైడ్ స్టాండు తియ్యలేదు."

స్టాండు దించి ఉంటే స్టార్టు కానివ్వని స్విచ్చు ఉంటుందని ఆ పిల్లకి తెలుసు. ఆయన తొణకలేదు. "అదే నేనూ చెప్పబోతున్నా. స్టాండు మీద వాలితే పెట్రోలు ఓ పక్కకి చేరిపోతుంది." ప్లగ్గు బిగించి, స్టాండు తీసి నొక్కితే బండి అందుకుంది. నలుగురూ ఆయనకే దణ్ణం పెట్టారు.

ఈమధ్య ఎదురింటాయన చేతక్ తెచ్చాడు, కరెంటుది. పేరు చదవగానే పండితుడి మొహం వెలిగిపోయింది. రేకు మీద వేళ్లతో కొట్టి చూసి, "ఇదీ బండంటే!" అన్నాడు. కిక్కు రాడ్డు కోసం రెండు వైపులా చూశాడు. సైలెన్సరు కోసం వంగి చూశాడు.

"ఆన్ చెయ్యండి."

చేశాడు. పండితుడు కళ్లు మూసుకుని, తల వాల్చి, చాలాసేపు విన్నాడు.

"స్టార్టవ్వలేదు."

"అయ్యే ఉందండీ. ఇదిగో, లైటు."

"అదే నేననేది. సైలెన్సరు పూర్తిగా పూడుకుపోయింది."