ఐకమత్యం కొండెక్కింది

ఉద్యోగుల్లో జట్టు స్ఫూర్తి పెంచాలని హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసు అందర్నీ వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండలకు తోలుకెళ్లింది.

మేనేజరుగారు ముందు నడిచారు. దారి తెలిసి కాదు, అలవాటుకొద్దీ. అది తప్పు దారని వెనకున్న సగంమందికి తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు. అప్రైజల్స్ దగ్గర పడ్డాయి మరి.

ప్లానింగ్ పిల్లాడు ఎక్సెల్ షీట్ తెచ్చాడు. టీ, సెల్ఫీలు, కేరింతలు... అన్నీ నిమిషాలతో సహా ఉన్నాయి. మంచినీళ్ల క్యాన్లు ఎవరు తేవాలన్న గడి మాత్రం ఖాళీ.

హెచ్చార్ మేడం 'నమ్మకం' ఆట పెట్టారు. కళ్లు మూసుకుని వెనక్కి వాలాలి, వెనకున్నవాళ్లు పట్టుకోవాలి. కోడ్ రాసేవాళ్ల చేతుల్లో వాలడానికి టెస్టింగ్ వాళ్లు ససేమిరా అన్నారు. పాపం, వాళ్లు చూడని బగ్గులా!

తెల్లారుజామున లేచి పులిహోర కలిపి, గిన్నె కొండదాకా మోసిన అకౌంట్స్ పెద్దాయన గ్రూప్ ఫొటోలో లేడు. తీసింది ఆయనే.

మూసీ పుట్టింది ఈ కొండల్లోనే అంటూ ప్రకృతి ప్రేమికుడొకడు ఉపన్యాసం అందుకున్నాడు. అది ముగిసేసరికి చుట్టూ చిప్స్ ప్యాకెట్లు. నదికి పుట్టింట్లోనే అలవాటు చేస్తే హైదరాబాద్ చేరాక బెంగ ఉండదు కదా!

తిరుగు బస్సులో మేనేజరుగారు గుర్రుపెట్టారు. అప్పుడు పొంగింది జట్టు స్ఫూర్తి! నిమిషాల్లో కొత్త వాట్సాప్ గ్రూపు పుట్టింది.

అందులో ఆయనొక్కరే లేరు.