లేవలేనని లేచి చెప్పండి

"అర్హులైన ఏ ఒక్కరికీ అన్యాయం జరగదు." పింఛన్ల ఏరివేత మొదలైన ప్రతిసారీ మైకు ముందు వినబడే మాట ఇది. పార్టీలు మారినా మాట మారదు. పైగా నూటికి నూరుపాళ్ళూ నిజం. అన్యాయం జరిగిన మరుక్షణమే మనిషి అనర్హుల జాబితాలో చేరిపోతాడు గనక, అర్హులకు అన్యాయం జరిగే ఆస్కారమే లేదు!

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద నెలకు వృద్ధులకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి మరీ చేతిలో పెడతాడు. ఇంత ఉదారంగా ఇచ్చిన సర్కారుకు ఏడాది తిరక్కుండానే ఒక సందేహం పట్టుకుంది: వీళ్ళు నిజంగానే లేవలేరా?

2025 జనవరిలో తనిఖీలు మొదలయ్యాయి. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వైద్య బృందాలే వెళ్ళాయి, ఆ మర్యాద దక్కింది. మిగతా దివ్యాంగులను మాత్రం ఆసుపత్రికి రమ్మన్నారు. నడవలేనని రుజువు చేసుకోవాలంటే అక్కడిదాకా రావాలి. రాలేకపోతే గైర్హాజరు. ఆటో మాట్లాడుకుని, ఇద్దరి భుజాల మీద చేతులేసి వస్తే, "వచ్చాడుగా!"

ఆగస్టులో నోటీసులొచ్చాయి. వైకల్యం 40 శాతం కంటే తగ్గిందట. గోల లేచాక, అప్పీలు చేసుకోవచ్చన్నారు. దొంగ సర్టిఫికెట్లు లేవా అంటే, ఉన్నాయి. కానీ వాటిని తాతలు మంచంలో పడుకుని అచ్చేయలేదు కదా. వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపులో సంతకం పెట్టింది సర్కారు డాక్టరే, ఇప్పుడు చాలదన్నదీ సర్కారు డాక్టరే. ఇద్దరు డాక్టర్లకూ కుదరని లెక్కకు సంజాయిషీ ముసలాయన ఇచ్చుకోవాలి. 40 శాతం ఉంటే దివ్యాంగుడు, 39 అయితే దొంగ. ఆ ఒక్క శాతం ఏ మోకాట్లోంచి పోయిందో వెతుక్కునే పనీ ఆయనదే.

శాతాల దాకా వెళ్ళలేని వాళ్ళ సంగతి మరీ వినోదం. 15,000 రావాలంటే పక్షవాతమో, తీవ్రమైన కండరాల క్షీణతో, ఘోర ప్రమాదమో జరిగి ఉండాలి. మతిమరుపు ముదిరి కొడుకునే "ఎవరబ్బాయ్ నువ్వు?" అని అడిగే పెద్దాయన, తొంభై ఏళ్ళకు ఎముకలరిగి ఒంటేలుకు కూడా లేవలేని ముసలమ్మ ఆ జాబితాలో లేరు. వాళ్ళు ఉత్త వృద్ధులు, 4,000 చాలు. పింఛనాయన గుమ్మంలోకి వస్తే, "మా అత్తయ్యకు ఇంకా పక్షవాతం రాలేదండీ" అని కోడలు నొచ్చుకోవాలి కాబోలు.

ఆ 4,000 కూడా కరెంటు మీటరు దయ. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే ఆ ఇల్లు కలిగినవాళ్ళది. ఊపిరందని మనిషికి ఆక్సిజన్ మిషను, పుండ్లు పడకుండా గాలి పరుపుకు మోటారు, రాత్రింబవళ్ళు ఫ్యాను తిరుగుతాయి. బతికించడానికి కాల్చిన కరెంటే బాగా బతుకుతున్నారనడానికి సాక్ష్యం.

ఢిల్లీ ఔదార్యం ఇంకో మెట్టు పైన. 2007లో ఇందిరాగాంధీ పేరిట పెట్టిన వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 200 రూపాయలు. 2025 వచ్చినా ఆ 200 కదల్లేదు. 80 దాటితే 500. పెద్దల డైపర్లు కొనబోతే ఆ 200కు నెల కాదు, వారం గడవదు. 70 దాటితే 5 లక్షల వైద్యమని 2024 అక్టోబరులో వయ వందన కార్డు కూడా ఇచ్చారు. ఆసుపత్రిలో చేరితేనే సుమా. ఇంట్లో మంచం మీద ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు ఆ కార్డుతో విసురుకోవచ్చు.

ఇంతమంది ఇన్ని కొలతలు తీశారు. వేలిముద్ర చూశారు, మీటరు చూశారు, శాతం చూశారు. ఆ పక్కనే నిలబడి ఉన్న మనిషిని ఒక్కరూ చూడలేదు. ముసలాయన్ని ఒత్తిగిలించేది, ఒళ్ళు తుడిచేది, అన్నం మెత్తగా కలిపి నోట్లో పెట్టేది ఆమే. కోడలో, కూతురో, తానూ డెబ్బై దాటిన భార్యో. కూలికి వెళ్ళడం మానేసింది. 2025-26లో ఉపాధి హామీ పనికి వెళ్ళి చెరువులో పూడిక తీస్తే రోజుకు 307 రూపాయలు. మామగారి మలమూత్రాలు ఎత్తిపోస్తే సున్నా. మట్టి తీసేది పని, మనిషిని చూసుకునేది ధర్మం. ధర్మానికి కూలి అడిగితే తప్పు కదూ!

కేరళ ఆ తప్పు ఎప్పుడో చేసింది. మంచాన పడ్డవారిని చూసుకునేవారికి ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 ఇస్తుంది. అంకె చూస్తే నవ్వొస్తుంది. అయినా చాకిరీ చేసే మనిషికి విడిగా ఒక పద్దు తెరిచారు. మన రాష్ట్రాల్లో ఆ మనిషి ఏ దరఖాస్తులోనూ లేదు.

కాబట్టి ఈసారి తనిఖీకి వచ్చే బృందాలకు ఒక్క మనవి. శాతాలు కొలిచే పట్టీ ఇంట్లో పెట్టి రండి. రాత్రి రెండింటికి ముసలాయన్ని ఎవరు లేపుతారో అడిగి, ఆ పేరు రాసుకోండి. జబ్బు పేరు ఏదైనా, మనిషి సాయం లేనిదే రోజు గడవనివాళ్ళందరికీ ఒకే పింఛను ఇచ్చి, సాయం చేసే చేతికీ కూలి కట్టండి. ఖజానా తట్టుకోలేదంటారా? ఇన్నాళ్ళూ తట్టుకుంది ఖజానా కాదు, ఆమె నడుమే.