పిల్లల కోసమే చిత్రిక

సికింద్రాబాదులో కొత్త రకం వానప్రస్థం ఒకటి మొదలైంది. పూర్వం సంసారం మీద విసుగు పుట్టినవాడు కాశీ వెళ్లేవాడు. ఇప్పుడు బాల్కనీలోకి వెళ్తున్నాడు. చేతిలో ఉలి, చెవి మీద పెన్సిలు, ఒంటికి తోలు ఏప్రాను. ఇంట్లో ఒకటి పరిగెత్తేది, ఒకటి పాకేది. ఎందుకయ్యా ఈ పని అంటే మారేడుపల్లిలోనైనా సైనిక్‌పురిలోనైనా ఒకటే జవాబు: "పిల్లల కోసమేనండీ!"

ప్లాస్టిక్ బొమ్మ విషమట. ఫోను అంతకన్నా పెద్ద విషమట. కనుక నాన్నగారు కరెంటు ముట్టకుండా, స్వహస్తాలతో, పాపకు మూడు చక్రాల నడకబండి చేస్తారు. సంకల్పం మంచిదే. అయితే ఇది ఏడు చేపల కథలా సాగుతుంది. బండికి ముందు చెక్క సాపు చేయాలి, సాపుకు చిత్రిక కావాలి, చిత్రికకు పదును కావాలి, పదునుకు జపాను సానరాళ్లు కావాలి, ఆ రాళ్ల మర్మం తెలియడానికి రాత్రి ఒంటిగంట దాకా ఫోనులో వీడియోలు చూడాలి. విషం పెద్దవాళ్లకు ఎక్కదు కాబోలు.

రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా "రందా?" అని ఒకటి తీసి గల్లా మీద పెడతారు. అది మనవాడికి ఆనదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి లీ-నీల్సన్ చిత్రిక దిగాలి. 2023లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో బతుకుతెరువు కోసం పనిచేసే వడ్రంగికి మొత్తం పనిముట్లకని ఇచ్చేది 15,000 రూపాయల దాకా. రవాణా, సుంకం కలుపుకుంటే అది ఈ ఒక్క చిత్రికకు చాలదు. తర్వాత పని బల్ల. అదీ మామూలు బల్ల కాదు, 18వ శతాబ్దపు ఫ్రెంచి వడ్రంగి రూబో తన గ్రంథంలో బొమ్మ వేసి చూపించిన బల్ల. రెండు పడకగదుల ఫ్లాటులో అది దిగాక ఉయ్యాలకు చోటు ఉండదు. మన ఊళ్ల వడ్రంగులు నేల మీద కూర్చుని, కాలివేళ్లతో చెక్కను అదిమిపట్టి, గడపలూ తలుపులూ చేసిపోయారు. పాపం, వాళ్లకు రూబో తెలియదు.

యంత్రమైతే పిల్లలు లేస్తారు, చేతిపని నిశ్శబ్దం అని ఇంకో వాదన. కొయ్యసుత్తితో ఉలిని మోదుతూ టేకులో బెజ్జం తొలవడం ఎంత నిశ్శబ్దమో కింది ఫ్లాటు పెద్దాయనను అడగాలి. నిజంగా నిశ్శబ్దమైనది సాన పట్టడం ఒక్కటే. వెయ్యి నంబరు రాయి, ఆపైన ఆరువేల నంబరు రాయి. పదును చూడటానికి ముంజేతి వెంట్రుకలు గీసుకోవడం. ఆ ముంజేతులు చూసి వీళ్లను బజారులో గుర్తుపట్టవచ్చు. ఇన్ని రాళ్లున్న ఇంట్లో కత్తిపీట మాత్రం వంకాయను నలుపుతుందే తప్ప తరగదు.

వీళ్ల కులదైవం జపాను సంతతి అమెరికా వడ్రంగి జార్జ్ నకాషిమా. ఆయన పుస్తకం టీపాయి మీద తప్పకుండా ఉంటుంది. ఆ దైవానికి మనతో చుట్టరికం కూడా ఉంది. 1937 నుంచి రెండేళ్లు ఆయన పాండిచ్చేరిలో, అరవిందాశ్రమం వారి 'గోల్కొండ' వసతిగృహం పనిలో ఉన్నాడు. దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ఇచ్చిన సొమ్ముతో కట్టారు కాబట్టే దానికి ఆ పేరు. కానీ జపాను చేతిపనిముట్ల కిటుకులు ఆయనకు బాగా పట్టుబడింది 1942లో, ఐడహోలోని మినిడోకా నిర్బంధ శిబిరంలో, గెంటారో హికోగవా అనే వడ్రంగి దగ్గర. అప్పటికి ఆయనకు చంటిపాప. చంటిపిల్లను పెంచుతూ వడ్రంగం నేర్చినవాడెవడని అడిగితే నేను చెప్పగల పేరు అదే. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ఆయన్ను కుటుంబంతో సహా ముళ్లకంచెలో పెట్టింది. మనవాడికి ఆ సదుపాయం లేక బాల్కనీ తలుపుకు గడియ తానే బిగించుకున్నాడు.

నిజంగా పిల్లల కోసమే అయితే దారి దగ్గరలోనే ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క పూసి చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేని ఆకుల, గింజల రంగులతో చేసేవీ దొరుకుతాయి. తెచ్చిన సాయంత్రమే ఆడుకోవచ్చు. ఈ మాట అంటే మనవాడి మొహం మాడిపోతుంది. బొమ్మ కొంటే బొమ్మ ఒక్కటే వస్తుంది, ఆదివారం రాదు కదా!

తన పని తరతరాలు నిలుస్తుందని కూడా చెబుతాడు. ఆగస్టు తేమలో బిగిసిన అతుకు మే నెల పొడిగాలికి నోరు తెరిచాక ఆ ప్రసంగం కాస్త తగ్గుతుంది.

ఇక చివరి అస్త్రం: "వాళ్లు పెద్దయ్యాక వాళ్లకే నేర్పుతాను." భేషుగ్గా నేర్పండి. అందాకా ఉలికి నూనె రాసి, గుడ్డలో చుట్టి అటక మీద పెడితే పదేళ్లయినా చెడదు. పాకే పిల్లను అలా చుట్టి అటకెక్కించే వీలు లేదు. ఈలోగా ఆ గడియ తీయండి సార్, చిన్నదానికి డైపరు మార్చాలి. అవతల ఆవిడ చేతులు ఖాళీగా లేవు.