క్లియర్ కోట్ ఆత్మకథ

కారును చూచినవారెల్లరు దాని రంగును మెచ్చుకొందురు గాని, ఆ రంగునకు తళుకునిచ్చెడి నన్ను మెచ్చుకొన్నవారు మిక్కిలి యరుదు. నేను రంగును గాను. రంగుపైన పరచిన పారదర్శకమైన పూతను. షెడ్డువారు నన్ను క్లియర్ కోట్ అందురు. ఉక్కు రేకునకు తుప్పు పట్టకుండుటకై విద్యుత్ప్రవాహముతో నంటించిన తొలిపూత, దానిపై ప్రైమరు, దానిపై అల్యూమినియపు పొడి కలిసిన ముదురునీలము, వీని యన్నిటిపైన నేను; ఇట్లు పొరమీద పొరగా నమరినపిమ్మట, తుదకు సుమారు 140 డిగ్రీల వేడిలో కాలి గట్టిపడితిని. నా మందము 40 మైక్రాన్లకు అటునిటుగా నుండును. సాధారణముగా తలవెండ్రుక నాకంటె లావు. ఈ కొలతను మొదటనే చెప్పుటకు కారణము లేకపోలేదు. నా యాయువును సంవత్సరములతో గాక మైక్రాన్లతో లెక్కింపవలెను. పాలిష్‌తో నన్ను మెరిపింపబూనిన ప్రతివాడును, తెలిసియో తెలియకయో, ఆ లెక్కలోనుండి కొంత తీసివేయుచునే యుండును.

విజయవాడలో నొక అపార్టుమెంటు క్రింద గడపిన తొలినాళ్ళలో నాకు శత్రువులు పెక్కు. బోరునీరు నామీద నారిపోయి సున్నపు మచ్చలను మిగిల్చెడిది. పక్షుల రెట్ట ఎండవేడిమికి నాలోనికి దిగెడిది. అయినను వీని యన్నిటికంటె నన్ను బాధించినది, నన్ను శుభ్రపరచుటకు వచ్చినవాని పొడిగుడ్డయే. తెల్లవారకమునుపే వచ్చి, వరుసనున్న వాహనముల నన్నిటిని ఒకే గుడ్డతో తుడిచిపోవు నాతడు, నిన్నటి దుమ్మును నామీదనే నూరిపోయెడివాడు. దుమ్మనగా ఇసుకరేణువులే గదా! అట్లు పడిన గీతలు, వీధిదీపము వెలిగినంతనే, దాని ప్రతిబింబము చుట్టును సాలెగూడువలె వలయములై కనబడును. నిజమునకు అవి వలయములు గావు. గీతలు అన్ని దిక్కులకును పోయియుండగా, వెలుగున కడ్డముగా నున్నవి మాత్రమే మెరసి చూపరిని భ్రమపెట్టును.

పిదప సెకండ్ హ్యాండులో మా కారును కొన్న లెక్చరరమ్మగారు ఈ గీతలను చూచి, స్వహస్తములతోనే నన్ను బాగుచేయ సంకల్పించి, ఆటోనగరులో చిరకాలము పెయింటుపని చేసి విశ్రాంతిగా నున్న పొరుగింటి మేస్త్రిని సలహా యడిగిరి.

"మిషను అద్దెకు తెచ్చుకోమంటారా, మేస్త్రిగారూ?"

"మిషను జోలికి పోకండమ్మా. కొత్త చేతికి మిషనిస్తే అంచుల కాడ పూత లేచిపోద్ది. చేత్తో అయితే నిదానంగా అవుద్ది గానీ, అంత నష్టం చెయ్యలేరు."

అంచులయొద్ద నేను మరింత పలుచన యని యెరిగినవాడు గనుక నాతడట్లనెను.

కారును నీడలో నిలిపి, బానెట్టు చల్లారినపిమ్మట షాంపూతో కడిగి, ఆమె చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుగుకొని నన్ను నిమిరిరి. కంటికి కనబడని గరుకు ఆ సంచిలోనుండి చేతికి స్పష్టముగా తెలియును. షాంపూ నీటి తడిమీద క్లే బారును జరిపి ఆ గరుకును తీసివేసిరి. నల్లని ప్లాస్టిక్ అంచులకు పాలిష్ అంటినచో తెల్లమచ్చ యొకపట్టున వదలదు గనుక, వానికి మాస్కింగ్ టేపు వేసిరి.

ఇక పాలిష్. లోకము దీనిని మెరుగునిచ్చు నూనెగా భావించును. కాని యందులో నున్నవి అతిసూక్ష్మములైన రాపిడి రేణువులు. అవి గీతను పూడ్పవు. చుట్టునున్న నన్నే అరగదీసి గీత యడుగునకు సమముగా దింపును. గోరు తగులుకొనునంత లోతైన గీతను చేతిపాలిష్ మాన్పజాలదు. మాన్పబూనుట నాకు క్షేమమును గాదు. అట్టిదొకటి డోరుమీద కనబడగా మేస్త్రి, "దాన్నట్టా వదిలెయ్యండమ్మా" అనెను. స్పాంజిపై కొన్ని చుక్కలు వేసికొని, రెండడుగుల చదరమును మాత్రమే తీసికొని, మొదట నిలువుగను పిదప నడ్డముగను, తొలుత నొక్కిపట్టియు తుదకు తేలికగను ఆమె రుద్దుచుండ, వ్రేళ్ళ కొనలతో నొక్కినచో బలమంతయు నొకచోటనే పడునని చెప్పి యాతడు అరచేతిని పరచి పట్టించెను. పాలిష్ ఎండకమునుపే తుడిచి, ఫోను టార్చిని ఏటవాలుగా పట్టి పరీక్షించిరి. సన్నగీతలు పోయెను, కొన్ని మసకబారి నిలిచెను. చేతిపనికి అంతటి ఫలితమే న్యాయమని నా యభిప్రాయము. ఒక్క గీతయు మిగులరాదను దురాశయే నావంటి పూతలను తినివేయుచున్నది.

"పాత అంబాసిడర్లకైతే పాలిష్ పెట్టిన గుడ్డకి రంగు అంటేదమ్మా" అని మేస్త్రి తలచుకొనెను. ఆ కార్లకు నావంటి పైపూత లేదు. అరుగునది రంగే గనుక, ఎంత పోయినదో యజమానికి గుడ్డమీదనే తెలిసెడిది. నా యరుగుదలకు అట్టి సాక్ష్యము లేదు; నాకు రంగు లేకపోవుటయే నాకు కీడైనది.

పాలిష్‌లోని నూనెలు గీతలను కప్పి లేనట్లు చూపగలవు; మీదుమిక్కిలి, తుదిపూతగా వేయు సీలెంటును సరిగా అంటుకొననీయవు. అందుచే ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలిపిన నీటితో వానిని తుడిచివేసి, పిదప సీలెంటును పూసిరి. ఇందులో రాపిడి లేదు. ఇది కృత్రిమ పాలిమరు, నానుండి తీసికొనదు, నాపై నిలుచును. ఈశాన్య బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్ల యాకులనుండి తీయు కార్నూబా మైనము చేసెడి పనినే, సాధారణముగా దానికంటె నెక్కువకాలము ఇది చేయును. దట్టముగా పూసినచో అధికరక్షణ కలుగునని క్రొత్తవారికి తోచును. కాని నాకంటుకొనునది పలుచని పొర మాత్రమే, తక్కినది తుడుచువారి చేతులను నొప్పించుటకే. మసకగా నారినపిమ్మట వ్రేలితో గీచి, గీచినచోట శుభ్రముగా విడివడుట చూచి, మైక్రోఫైబరు గుడ్డతో తుడిచిరి. గుడ్డ యొకటి చేజారి క్రిందపడగా ఆమె యెత్తబోయిరి. మేస్త్రి వలదని మరియొకటి యందించెను. నేలమీది యొక్క యిసుకరేణువు ఆ పూట పని నంతయు చెరుపజాలును.

"రేపటిదాకా తడి తగలనియ్యకండి" అనెను మేస్త్రి.

"వచ్చే నెల మళ్ళీ పాలిష్ చెయ్యనా?"

"పాలిష్ ఊరికూరికే వద్దమ్మా. నీళ్ళు బొట్లుబొట్లుగా జారటం మానేసినప్పుడు సీలెంటు ఒక్కటే పెట్టుకోండి. అదే పనిగా పాలిష్ రుద్దారంటే పైపూత అయిపోద్ది, అప్పుడు నేనొచ్చి స్ప్రే గన్ను పట్టాలి. నా మోకాళ్ళు ఒప్పుకోవు."