హెచ్చెన్ చూడని మహిమ

మన గౌరిబిదనూరు దగ్గరి హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు ఇప్పుడు ఉండాల్సింది. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా ఆయన మహిమల సంగతి తేల్చడానికి ఒక కమిటీ వేశారు. బాగేపల్లి దాటితే వచ్చే పుట్టపర్తిలోని సాయిబాబాకు మూడు ఉత్తరాలు రాశారు, మా కళ్ళముందు చేసి చూపించండని. జవాబు రాలేదు. పాపం, ఆయన కాలానికి మహిమంటే గాల్లోంచి విభూతి రాలడమే. అంతకు మించిన మహిమ ఇప్పుడు గెజిట్‌లోనే అచ్చయింది. ఒక ఆడమనిషి పరాయివాళ్ళ బిడ్డను తొమ్మిది నెలలు మోసి, కని, చిల్లిగవ్వ పుచ్చుకోకుండా వాళ్ళ చేతుల్లో పెట్టి, ఏమీ జరగనట్టు బస్సెక్కి ఇంటికి పోతుందట!

2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరోగసీ చట్టం మాట ఇది. కడుపును అద్దెకివ్వకూడదు, దానం చేయాలి. వైద్యం వగైరా నిర్దేశించిన ఖర్చులు, 36 నెలల బీమా తప్ప ఆమెకు ఇంకేమీ ముట్టకూడదు. మీరితే పదేళ్ళదాకా జైలు, పది లక్షలదాకా జరిమానా. డాక్టరుకు ఫీజుంది. మత్తిచ్చే ఆయనకుంది. అఫిడవిట్ రాసే వకీలుకుంది. వార్డు ఊడ్చే ఆయమ్మకు సైతం నెల జీతముంది. ఆసుపత్రి మొత్తం మీద పుణ్యానికి పనిచేసేది ఒక్క గర్భసంచే. పరిహారం ఇవ్వడమే న్యాయమని 2017లోనే పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. త్యాగం గొప్పదనం ఆ సభ్యులకు తెలియదు కాబోలు.

చింతామణి నుంచి శిడ్లఘట్ట ఎంత దూరం? అక్కడ పట్టుగూళ్ళకు సర్కారు మార్కెట్ ఉంది, తూకం ఉంది, వేలం ఉంది. రేటు గిట్టకపోతే ఇవ్వనని చెప్పే హక్కు రైతుకుంది. పురుగును మేపితే బేరం, మనిషిని మోస్తే దండం.

ఇక అప్పగింత. చట్టం ఇక్కడ ముందుచూపులో జ్యోతిష్కులను మించిపోయింది. బిడ్డ ఎవరిదో మేజిస్ట్రేటు ముందుగానే ఆర్డరు రాసిచ్చేస్తారు. మోసే ఆమె మనసు మార్చుకోవాలంటే పిండాన్ని లోపల పెట్టేలోగానే మార్చుకోవాలి. ఆ తర్వాత పుట్టే మనసుకు చట్టంలో చోటు లేదు. ఆమె మానసికంగా దృఢంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ కావాలి, అదీ ముందే. బిడ్డను ఇచ్చేశాక ఎలా ఉందో చెప్పే సర్టిఫికెట్ ఎవరికీ అక్కర్లేదు.

మూడో నాటికి పాలు పడతాయి. రొమ్ములకు మేజిస్ట్రేటు ఆర్డరు చదవడం రాదు కదా. రవిక తడుస్తుంది, ఒళ్ళు కాలుతుంది, పాలు ఇంకిపోవడానికి ఓ మాత్ర ఇస్తారు. ఇంటికి పోతే వెల్లుల్లి కారం పెట్టేదెవరు, నడికట్టు కట్టేదెవరు? బిడ్డ లేని బాలింతను ఏమని పిలవాలో అత్తకే తెలియదు.

ఇంతవరకు రాగానే పాఠకులు రుమాలు తీస్తారు. తీయకండి. తల్లి గుండె కోత అనే ఆ సీను మనకు సినిమావాళ్ళు అలవాటు చేశారు. చట్టాన్ని పొగిడేవాళ్ళూ, సరోగసీనే తిట్టేవాళ్ళూ ఆమె ఏడవాలనే విషయంలో మాత్రం ఏకగ్రీవం. ముంబయిలో 50 మంది సరోగేట్ తల్లులను మామూలు తల్లులతో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2018లో 'హ్యూమన్ రిప్రొడక్షన్' పత్రికలో వచ్చింది. సరోగేట్లలో కుంగుబాటు ఎక్కువే, కానీ అది కడుపుతో ఉన్నప్పటినుంచీ ఉంది. బిడ్డను ఇచ్చేసినందువల్ల పెరగలేదు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నవాళ్ళు, తోడు లేనివాళ్ళు, నలుగురి చేత మాటలు పడ్డవాళ్ళు ప్రసవం తర్వాత ఎక్కువ కుంగిపోయారు. అంటే ఆమెను తినేసేది పసిగుడ్డు కాదు, మనం. ఈ చట్టం రాకముందు ఊరికి మాత్రమే దాచేది. చేతిలో నాలుగు రూపాయలు పడితే ఇప్పుడు పోలీసులకూ దాచాలి. నిస్వార్థం అని పేరు పెట్టి మనం ఆమెకు చేసిన మేలు ఇదీ.

దాచడంలో ఎంత ఆరితేరామో 2025 జులైలో సికింద్రాబాదు నిరూపించింది. యూనివర్సల్ సృష్టి ఫర్టిలిటీ సెంటర్ ఒక జంటకు సరోగసీ చేయిస్తామని లక్షలు గుంజిందని, బిడ్డ విశాఖలో పుట్టిందని చెప్పి అప్పగించిందని పోలీసుల అభియోగం. డీఎన్ఏ కలవలేదు. ఆ బిడ్డను వేరే పేద దంపతుల దగ్గర కొన్నారట. సరోగేట్ తల్లికి సిజేరియన్ అయిందని అదనంగా వసూలు కూడా చేశారట. కడుపు లేని మనిషికి కోత, ఆ కోతకు బిల్లు! అందరూ ఆ మోసాన్ని చూసి నోరు వెళ్ళబెట్టారు. నాకు ఆశ్చర్యం వేరే చోట. అన్ని నెలల్లో ఆమె కళ్ళబడకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. మనం సరోగేట్‌ను ఎంత చక్కగా మాయం చేశామంటే, ఆమె లేకపోయినా వ్యాపారం ఆగలేదు.

సర్కారుకు దయ లేదనుకోకండి. 2017లో సవరించిన ప్రసూతి చట్టం బిడ్డను అందుకునే తల్లికి, బిడ్డ చేతికొచ్చిన రోజు నుంచి 12 వారాల సెలవిచ్చింది. 2024 జూన్‌లో కేంద్రం మరో అడుగు వేసి, తన ఉద్యోగులైతే మోసిన ఆమెకూ, అందుకున్న ఆమెకూ 180 రోజులంది. కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ పరాయివాళ్ళకు బిడ్డను కనిచ్చే ఆఫీసరమ్మలు ఎందరున్నారో ఢిల్లీకే తెలియాలి. దొడ్డబళ్ళాపురం గార్మెంట్సులో కాలర్లు కుట్టే మన గౌరిబిదనూరు అక్కకు మాత్రం సెలవు కాదు, పేరే కొట్టేస్తారు. తిరిగి చేరేటప్పుడు ఇన్నాళ్ళు ఎక్కడ చచ్చావని సూపర్‌వైజరు అడుగుతాడు. కామెర్లని చెప్పమని ఏజెంటు ముందే నేర్పించి పంపుతాడు.