అప్‌గ్రేడు బావగారు

ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్... డాలస్ చుట్టుపక్కల ఎక్కడ ఉగాది వేడుక జరిగినా ఆయన ఉంటారు, అందరికీ బావగారే. పులిహోర లైన్లో మీ వెనకాల నిలబడి, "ఈ సమ్మర్‌కి ఎటండీ?" అని మెల్లగా అడుగుతారు. "ఇంకా ఏమీ అనుకోలేదండీ" అన్నారో, మీ పని అయిపోయిందే. ప్లేటులో బొబ్బట్టు చల్లారేలోపు ఏడు రాత్రుల కరీబియన్ ఓడ యాత్ర, కొజుమెల్, కోస్టా మాయా, రోఅటాన్ అన్నీ తిప్పేసి, "బుక్ చేసేముందు నాకో మాట చెప్పండి, లేకపోతే దెబ్బైపోతారు" అని ముగిస్తారు.

ఇలాంటి బావగార్లు మిగతా ఊళ్ళలోనూ ఉన్నారు. రేవు మారుతుంది, అంతే. అట్లాంటావారికి ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావరల్, న్యూజెర్సీవారికి బయోన్‌లో ఉన్న కేప్ లిబర్టీ, మనవారికి గాల్వెస్టన్. అక్కణ్ణించి కార్నివాల్ కంపెనీ ఓడలు 2000 నుంచీ తిరుగుతూనే ఉన్నాయి గానీ, బావగారి దశ తిరిగింది 2022 నవంబరులో, రాయల్ కరీబియన్ సంస్థ సొంత టెర్మినల్ కట్టి ఒయాసిస్ తరగతి భారీ ఓడని తెచ్చి నిలబెట్టినప్పుడు. విమానం టిక్కెట్లు అక్కర్లేదు. తెల్లవారుజామున బయల్దేరి ఐదు గంటలు కారు తోలితే ఓడ. ఆ మిగిలిన టిక్కెట్ల డబ్బే ఆయన చేతిలో దురద పుట్టించింది.

ఒక సంగతి ముందే చెప్పాలి. బావగారు ఓడెక్కేది సముద్రం చూడటానికి కాదు. ఓడ కంపెనీని లెక్కల్లో ఓడించటానికి.

అందుకని ఎప్పుడూ అన్నిటికంటే చవకైన లోపలి గదే కొంటారు. దానికి కిటికీ ఉండదు. లైటు ఆర్పితే పగలో రాత్రో తెలియదు. అందులోనూ 'గ్యారంటీ' రకం తీసుకుంటారు. అంటే ఫలానా తరగతికి తగ్గదని మాట ఇస్తారు, నంబరు మాత్రం మనం కోరుకోవడానికి లేదు. ఓడవాళ్ళు తమకు వీలైనప్పుడు వీలైనది కేటాయిస్తారు. "నంబరు ఇవ్వలేదంటే పైతరగతి ఇచ్చే ఉద్దేశం ఉన్నట్టే" అని ఆయన వాదన. చాలాసార్లు ఇచ్చేది ఆ తరగతిలోనే, ఎవరూ కోరుకోని మూల గది.

తర్వాత ఈమెయిల్ వస్తుంది. మీ గది కన్నా మంచిదాని కోసం వేలంపాట పాడతారా అని. రాయల్ కరీబియన్ దీన్ని రాయల్‌అప్ అంటుంది. సెలబ్రిటీ, నార్వేజియన్ కంపెనీలకీ వేరే పేర్లతో ఇదే పద్ధతి ఉంది. తెర మీద ఒక ముల్లు ఉంటుంది. తక్కువ పాడితే ఎర్రవైపు, పెంచేకొద్దీ పచ్చవైపు. ఆ ముల్లు పెట్టింది పాట కట్టించుకునేవాడే కదా అన్న అనుమానం బావగారికి ఎప్పుడూ రాలేదు. ఆఫీసులో పొద్దుటి స్టాండప్ మీటింగులో, పక్కవాడు తన బగ్గు గురించి చెప్పుకుంటూ ఉంటే, ఈయన బల్ల కింద ఐదు డాలర్లు పెంచుతూ ఉంటారు. పచ్చరంగు కనిపించగానే మొహంలో వెలుగు చూసి, మేనేజరు తన ప్రాజెక్టు మీద ఆయనకున్న ప్రేమకి మురిసిపోతాడు.

పాటలో కొన్ని మెలికలున్నాయి. మీరు పాడే మొత్తం గదికి కాదు, మనిషికి. గదిలో మొదటి ఇద్దరి మీదా పడుతుంది. నూట ఇరవై పాడితే కార్డు మీద రెండువందల నలభై. గెలిస్తే వెంటనే డబ్బు తీసేసుకుంటారు, వద్దంటే తిరిగి రాదు. కబురు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు కూడా రావచ్చు. అన్నిటికన్నా పెద్ద మెలిక, గెలిచిన గది ఎక్కడుంటుందో చెప్పరు. పాటకి వచ్చేవి జనం కొనగా మిగిలినవి. జనం వాటిని ఎందుకు మిగిల్చారన్నది ఓడెక్కాక తెలుస్తుంది.

ఒకసారి బావగారికి కిటికీ ఉన్న గది వచ్చింది. కిటికీ నిండా నారింజరంగు లైఫ్‌బోటు. "చూశారా, ప్రమాదం వస్తే అందరికంటే ముందు మనమే" అన్నారు. ఇంకోసారి బాల్కనీ గదే వచ్చింది గానీ, అది ఈతకొలను ఉన్న డెక్కు కింద. తెల్లారకముందే పనివాళ్ళు నెత్తిమీద కుర్చీలు ఈడ్చే చప్పుడు. "అలారం పెట్టుకునే పని లేదు" అన్నారు. ఒయాసిస్ తరగతి ఓడల్లో లోపలివైపు తిరిగిన బాల్కనీలు కూడా ఉంటాయి. ఓడ నడుమ సెంట్రల్ పార్క్ అని నిజం చెట్లు పెంచిన తోట ఒకటి ఉంటుంది, కొన్ని బాల్కనీలు దానిమీదికి చూస్తాయి. అందమైన చోటే. కాకపోతే అక్కడ నిలబడితే సముద్రం కనబడదు, ఎదురుబాల్కనీలో పళ్ళు తోముకుంటున్న పెద్దమనిషి కనబడతాడు. ఆయనతో బావగారికి మూడోరోజుకల్లా స్నేహం కుదిరింది. ఎంతకి పాడారు అన్నది ఇద్దరి మధ్యా మొదటి ప్రశ్న.

జూనియర్ సూట్ గెలిచిన యాత్ర గురించి మాత్రం బావగారు ఎక్కువ మాట్లాడరు. సూట్ అన్న మాట చూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని సూట్లవాళ్ళ లౌంజికి వెళ్ళారు. తలుపు దగ్గర కార్డు తాకిస్తే దీపం ఎర్రబడింది. జూనియర్‌కి ఆ లౌంజిలో ప్రవేశం ఉండదని అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "లోపల ఏసీ మరీ ఎక్కువగా ఉంది" అని గదికి వచ్చి వాళ్ళావిడ అక్కయ్యగారితో చెప్పారు.

ఇక పానీయాల ప్యాకేజీ. బావగారి ప్రతిభ అంతా ఇక్కడే ఉంది.

దీని ధర ఓడని బట్టి, తేదీని బట్టి, అమ్మేవాడి మూడ్‌ని బట్టి మారుతుంది. ఉదాహరణకి రోజుకి మనిషికి 85 డాలర్లు అనుకుందాం. దాని మీద 18 శాతం టిప్పు కలిపితే 100 డాలర్ల 30 సెంట్లు. విడిగా కొంటే ఒక కాక్‌టెయిల్ 14 డాలర్లు, టిప్పుతో పదహారున్నర. అంటే రోజూ ఆరు తాగితే దాదాపు సరికి సరి, ఏడోది లాభం. ఒక్కరోజుకి కొంటానంటే కుదరదు, యాత్ర మొత్తానికీ కొనాలి. ఓడ రేవులో ఉన్నప్పుడు మీరు కొజుమెల్ దిగి ఊరు చూస్తూ తిరిగినా మీటరు తిరుగుతూనే ఉంటుంది, ఆ ఊరి బార్లలో ఈ ప్యాకేజీ చెల్లదు. అందుకని రేవు వచ్చిన రోజున బావగారు మయన్ల శిథిలాలు చూడ్డానికి రారు. "రాళ్ళు గూగుల్లో కూడా ఉంటాయి" అని ఓడలోనే ఉండిపోతారు.

ఇంకో నిబంధన ఉంది. ఒక గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే, అదే గదిలో ఇరవై ఒక్క ఏళ్ళు దాటిన అందరూ కొనాలి. రాయల్ కరీబియన్‌లోనూ ఇదే, కార్నివాల్‌లోనూ ఇదే. ఒకరి ప్యాకేజీ మీద ఇద్దరు తాగకుండా పెట్టిన కట్టుబాటు ఇది. తాగనివాళ్ళు ఫోన్ చేసి కారణం చెప్పుకుంటే, వాళ్ళ వరకు రసాలూ కాఫీలూ ఉన్న చిన్న ప్యాకేజీకి మార్చడానికి ఒప్పుకోవడం కద్దు. కానీ బతిమాలుకోవడం బావగారి స్వభావంలో లేదు. అక్కయ్యగారు తులసితీర్థం తప్ప పుచ్చుకోరు. ఆమెకి ఏడురోజులకి ఏడొందల డాలర్లు కట్టడమా?

అందుకని పోయిన వేసవిలో ఒక ఎత్తు వేశారు. అక్కయ్యగారి చెల్లెలు, ఆవిడ భర్త కూడా వస్తున్నారు. ఆ తోడల్లుడు ఈ విషయంలో బావగారికి ఏమాత్రం తీసిపోడు. కాగితాల మీద తోడల్లుళ్ళిద్దరినీ ఒక గదిలోనూ, అక్కచెల్లెళ్ళని పక్కగదిలోనూ వేశారు. ఓడెక్కాక కౌంటర్లో అదనపు తాళం కార్డులు అడిగి ఎవరి సంసారం వాళ్ళు సర్దుకోవచ్చు. అంతవరకు బాగానే ఉంది. పెళ్ళి విడిదిలో గదులు పంచినట్టు పంచి, ఆ తర్వాత పాత అలవాటు కొద్దీ తన గదికి పాట పాడారు.

పాట గెలిచింది. సముద్రంవైపు బాల్కనీ. కానీ ఎవరికి? తోడల్లుళ్ళకి. అక్కచెల్లెళ్ళు మూడు డెక్కుల కింద, కిటికీ లేని గదిలో. అక్కయ్యగారు ఆ గదిని ఒకసారి చూసి, ఏమీ అనకుండా పైకొచ్చి, బాల్కనీ కుర్చీలో కూర్చుని, "చెల్లీ, పెట్టెలు ఇక్కడికి తెప్పించవే" అన్నారు. ఏడు రాత్రులూ ఇద్దరూ అక్కడే సముద్రపు గాలి పీలుస్తూ, ప్యాకెట్లలో తెచ్చుకున్న చేగోడీలు తింటూ పుట్టింటి కబుర్లు చెప్పుకున్నారు. బావగారూ తోడల్లుడూ కింద చీకటిగదిలో ఒకరి గురక ఒకరు విన్నారు. ప్యాకేజీ ఎందుకు కొన్నామా అన్న సందేహం ఆ గురకలతో తీరిపోయి ఉండాలి.

తాగడంలోనూ ఆయనకో కాలపట్టిక ఉంది. ఏడింటికి పెద్ద కాఫీ, విడిగా కొంటే డబ్బులు పడే రకమే. మామూలు కాఫీ, టీ, మంచినీళ్ళు, నిమ్మరసం బఫేలో అందరికీ ఉచితం. కాబట్టి బావగారు వాటిని ముట్టుకోరు. పదకొండింటికి మొదలుపెట్టి, ఒక్కోటి ఫోనులో రాసుకుంటూ, సాయంత్రానికి నాలుగు దాటిస్తారు. ఇష్టపడి తాగుతున్నారనుకోకండి. ఐదోదాని దగ్గర ఆయన మొహం, మా చిన్నప్పుడు ఆముదం తాగించిన పిల్లల మొహంలా అయిపోతుంది. "ఇంక చాలండీ" అని అక్కయ్యగారు అంటే, "ఇది మన డబ్బే, పారబోసుకుంటామా?" అంటారు. కార్నివాల్‌వాళ్ళు రోజుకి పదిహేను మద్యం పానీయాలతో ఆపేస్తారని విన్నప్పుడు బావగారు నిజంగానే బాధపడ్డారు. తాను పదిహేను తాగగలనని కాదు, పదహారోది ఇవ్వనంటే మాట తప్పినట్టేనట.

రాయల్ కరీబియన్‌లో పిల్లలకి సోడా ప్యాకేజీ కొంటే ఒక ప్లాస్టిక్ గ్లాసు ఇస్తారు. అడుగున చిప్పు ఉంటుంది. దాన్ని యంత్రం కింద పెడితేనే కోక్ ధార వస్తుంది. ఆ గ్లాసుని మరుసటి యాత్రకి పట్టుకెళ్ళి, పనిచేస్తుందేమో ప్రయత్నించి చూసిన తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. పనిచేయదు. వంటింట్లో కందిపప్పు కొలవటానికి బాగుంటుంది.

ఆఖరి రాత్రి ఖాతా కాగితం వస్తుంది. దినభత్యం లాంటి టిప్పు ఒకటి అందులో ఉంటుంది. రాయల్ కరీబియన్‌లో అది మనిషికి రోజుకి ఇంత అని పడుతుంది, మామూలు గదుల్లో కంటే పెద్ద సూట్లలో ఎక్కువ. పైతరగతికి పాడినప్పుడు ఈ తేడా గుర్తుండదు. బావగారు ఆ కాగితం ముందు పెట్టుకుని, పక్కనే తన ఫోనులోని పద్దు పెట్టుకుని, విడిగా కొనుంటే ఎంతయ్యేదో కూడతారు. కూడి, "మొత్తం మీద మనకి నాలుగొందలు మిగిలింది" అంటారు. ఆ మిగిలిన నాలుగొందలు ఎక్కడున్నాయని అక్కయ్యగారు ఎన్నడూ అడగలేదు. అది ఆవిడ గొప్పతనం.

న్యాయంగా చెప్పాలంటే ఆయన దగ్గర నేర్చుకోదగ్గవి ఉన్నాయి. ప్యాకేజీని ఓడెక్కకముందే ఆన్‌లైన్లో కొంటారు, ఎక్కాక కొంటే సాధారణంగా ధర ఎక్కువ. కొన్నాక కూడా వారం వారం చూస్తూ, ధర తగ్గితే పాతది రద్దు చేసి కొత్త ధరకి తీసుకుంటారు. థాంక్స్‌గివింగ్ తర్వాతి శుక్రవారం ఆయన టీవీలు కొనరు, ఈ పనిమీదే ఉంటారు. కుదుపు పడనివాళ్ళని ఓడ నడిమధ్యన, కింది డెక్కుల్లో గది తీసుకోమంటారు. అది నూటికి నూరుపాళ్ళు మంచి మాట. మొదటిరోజు రాత్రే హెడ్ వెయిటర్‌ని పలకరించి రేపటికి పప్పూ కూరా కావాలంటే చేసిపెడతారని మాకు చెప్పింది ఆయనే. వంటశాలల్లో మనదేశంవాళ్ళు చాలామందే ఉంటారు. కరెంటు కుక్కరు తీసుకురావద్దనీ, స్కానింగులో పట్టుకుని ఉంచేసుకుంటారనీ చెప్పిందీ ఆయనే. అది ఎలా తెలిసిందని మేము అడగలేదు.

కాబట్టి నా మాట ఇది. గది ఎక్కడుందన్నది మీకు ముఖ్యమైతే, నచ్చిన నంబరుని మొదటే డబ్బు పెట్టి కొనుక్కోండి, పాట జోలికి పోకండి. ఎక్కడైనా పడుకోగలిగితే అతి తక్కువకి పాడి మరిచిపోండి. రోజుకి ఆరు సంతోషంగా తాగగలిగినవారికి ప్యాకేజీ గిట్టుతుంది. మిగతావారు కావలసినప్పుడు ఒకటి కొనుక్కోవడమే చవక.

ఇక బావగారి నుంచి ఈ నెలలో మీకు ఫోన్ వస్తే ఆశ్చర్యపోకండి. వచ్చే వేసవికి అలాస్కా అట, గ్రూపు బుకింగట. ఎనిమిది గదులు, పదహారు మంది కుదిరితే కూడగట్టినవాడికి ఒకరి ఛార్జీ కలిసొస్తుంది. ఏడు గదులు నిండాయి. ఎనిమిదోది మీదేనని ఆయన ఇప్పటికే రాసేసుకున్నారు.