పొయ్యెక్కని తీపి: ఒక రోలు ఆత్మకథ

నేను రోలును. గోదావరి కాలవల కింద ఒక ఊళ్ళో, పెంకుటింటి వెనక వసారాలో సగం నేలలో పాతుకుని ఉన్నాను. డెల్టా నేలలో రాయి దొరకదు, ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. అందుకని నాలాంటివాళ్ళం మెట్ట కొండల దగ్గర తయారై, బళ్ళ మీద ఇటు దిగాం. నన్ను తొలిచింది ఒక వడ్డెర దంపతులు. ఆయన ఉలి పట్టి గుంట తీస్తే, ఆవిడ అంచులు చెక్కింది.

కొత్త రోలు వచ్చీరాగానే వంటకు పనికిరాదు. మొదట తవుడు, ఆ తర్వాత నూకలు వేసి దంచి పారబోస్తారు. అరచెయ్యి పెట్టి రుద్దితే రాతిపొడి అంటుకోనప్పుడే లోపల తినే వస్తువు పడుతుంది. ఏళ్ళు గడిచి గుంట నున్నబడితే గింజ నలగకుండా జారిపోతుంది. అప్పుడు "రోళ్ళకు కక్కు కొడతాం" అని వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాళ్ళను పిలిచి గరుకు తేరేలా కొట్టించేవాళ్ళు. మర్నాడు మళ్ళీ తవుడు దంచాల్సిందే.

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. నాకు మొర ఏమీ లేదు. రోకటి పోటుకి గింజలోంచి ఏం బయటికొస్తుందో అందరికన్నా దగ్గరగా చూసినదాన్ని. ఆ సంగతి చెప్పాలనే ఈ కథ.

తీపి అనగానే అందరికీ పొయ్యి గుర్తొస్తుంది. అరిసెకు పాకం పట్టాలి, బూరెకు నూనె మరగాలి. నా దగ్గర పుట్టే తీపికి అవేవీ అక్కర్లేదు. నాగుల చవితినే తీసుకోండి. దీపావళి అమావాస్య వెళ్ళిన నాలుగో రోజు, కార్తీక శుద్ధ చవితి. పుట్టలో పాలు పోసి చిమ్మిలి, చలిమిడి, వడపప్పు నైవేద్యం పెడతారు. ఇందులో వండింది ఒక్కటీ లేదు. చాలా ఇళ్ళలో పూజయ్యేదాకా పొయ్యి వెలిగించనే వెలిగించరు. ఆ ఉదయం ఇంటిల్లిపాదికీ కావలసిన పని నా ఒక్కదాని దగ్గరే జరుగుతుంది.

చలిమిడి సంగతి చిన్నదే. రాత్రి నానబోసిన బియ్యం వడేసి, తడి ఆరకముందే దంచి, జల్లించి, ఆ పిండిలో బెల్లం వేసి మళ్ళీ నాలుగు పోట్లు వేస్తారు. పిండిలో తడే దాన్ని పట్టి ఉంచుతుంది, పిండి ఆరితే ముద్ద కట్టదు. కడుపుతో ఉన్న కూతురికి ఒళ్ళో పెట్టేది, అత్తారింటికి సారెతో పంపేది కూడా చలిమిడే.

చిమ్మిలి అలా కాదు. దాంట్లో నీటిబొట్టు పడదు, పడకూడదు. మరి ముద్ద ఎలా కడుతుంది?

ఈ ఇంటి మామ్మ ముందురోజే నువ్వులు కడిగి, గాలించి ఇసుక తీసి, చాప మీద ఆరబెట్టేది. చవితికి పచ్చి నువ్వులే. మామూలు రోజుల్లో అయితే ముకుడులో సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, బాగా చల్లారనిచ్చేది. గింజలు చెదరకుండా నా మూతి మీద కుందెన పెట్టి రోకలి అందుకునేది. మొదటి పోట్లకు నువ్వులు పైకెగిరి కుందెనకు తగిలి మళ్ళీ గుంటలోకి జారతాయి. కొంతసేపటికి పొడి అవుతుంది. ఆ పొడి చేతిలోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. ఇక్కడ ఆపేసేవాళ్ళే ఎక్కువ. మామ్మ ఆపేది కాదు. ఇంకాస్త దంచితే పొడి రంగు ముదురుతుంది, తడి తగిలినట్టు బరువెక్కుతుంది, రోకలి పొన్నుకు అంటుకుని పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడు బెల్లం కోరు, యాలకుల పొడి పడాలి. కలిసేదాకా దంచి, చిటికెడు తీసి బొటనవేలితో నొక్కి చూసేది. అంచు పగిలితే ఇంకొన్ని పోట్లు. పగలకుండా నిలిస్తే ఉండలు చుట్టుకోవచ్చు. నూనె తేలి మెరిసిందంటే దంచడం ఎక్కువైందన్నమాట.

ఆ కట్టు నూనెది. నువ్వుల బరువులో సగం దాకా నూనే, అంటే 100 గ్రాముల గింజల్లో 50 గ్రాములకు దగ్గరగా. పైపొర చితికితే తప్ప అది బయటికి రాదు. వచ్చిన నూనె బెల్లంలోని జిగురుతో కలిసి పొడినంతా ఒక్కటి చేస్తుంది. చిమ్మిలికి నెయ్యి వేసేవాళ్ళను చూస్తే నాకు బెంగగా ఉంటుంది. గింజలో ఉన్నదాన్ని బయటికి రప్పించే ఓపిక లేక, బయటి నుంచి తెచ్చి పోస్తున్నారే అని.

ఈ ఇంటి పెద్దబ్బాయి చిన్నప్పుడు నా పక్కన కూర్చుని పాఠాలు పైకి చదివేవాడు. హరప్పా తవ్వకాల్లో మాడిన నువ్వుగింజలు దొరికాయని అలాగే విన్నాను. వేరుశనగ మాత్రం ఆ కాలంలో ఇక్కడ లేదు, అది దక్షిణ అమెరికా నుంచి ఓడలెక్కి వచ్చిన పంట. అయినా రోకటికి రెండూ ఒకటే. దాంట్లోనూ సగానికి దగ్గరగా నూనే ఉంటుంది. హన్మకొండ నుంచి చిన్నకోడలు వచ్చిన ఏడాది ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసింది. "మా దిక్కు సద్దుల బతుకమ్మకు నువ్వుల ముద్దలు, పల్లి ముద్దలు చేస్తం అత్తమ్మా, రొట్టెలు నలిపి మలీద గూడ చేస్తం" అంటూ పల్లీలు తెచ్చి నాలో పోసింది. అత్తాకోడళ్ళిద్దరూ చెరో రోకలి పట్టి ఒకరి తర్వాత ఒకరు వేసిన పోట్ల లయ నాకు చాలా ఇష్టం.

మిక్సీ వచ్చింది. రావాల్సిందే, ఆడవాళ్ళ భుజాలకు అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. చిమ్మిలి దగ్గర మాత్రం దానికో చిక్కుంది. బ్లేడు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటే రాపిడికి గిన్నె వేడెక్కుతుంది. అడుగున ఉన్నది నూనె కక్కి ముద్దైపోతుంది, పైన ఉన్నది గింజలుగానే మిగులుతుంది. రోకలి అయితే పైకి లేచి కిందికి దిగేలోపు ఒక్క క్షణం విరామం ఇస్తుంది. ఆ విరామంలో గింజలు సర్దుకుంటాయి, వేడి రాతిలోకి ఇంకుతుంది.

పోయిన వేసవిలో డాలస్ నుంచి పెద్దబ్బాయి కూతురు వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. ఎండకు బయటికి వెళ్ళనివ్వక, వసారాలో మామ్మ పక్కన చేరింది.

"మామ్మా, కుకీలు చేద్దామా? ఓవెన్ అక్కర్లేదు."

"ఓవెన్ లేకుండా బిస్కెట్లేంటే అమ్మడూ?"

పిల్ల వివరంగా చెప్పింది. పంచదార, పాలు, వెన్న, కోకో పొడి కలిపి పొయ్యి మీద పెట్టాలి. తెర్లడం మొదలయ్యాక సరిగ్గా ఒక్క నిమిషం ఉంచి దించాలి. దాంట్లో వేరుశనగ ముద్ద, ఓట్స్ కలిపి, గరిటెతో కాగితం మీద చిన్నచిన్న కుప్పలుగా వేస్తే చల్లారి గట్టిపడతాయి. నిమిషం కన్నా ముందే దించితే గట్టిపడవు, ఎక్కువసేపు ఉంచితే పొడిపొడిగా విరిగిపోతాయి. అమెరికాలో చాలా ఇళ్ళల్లో పిల్లలు మొదట నేర్చుకునే తీపి ఇదేనట.

"అంటే పాకమేగా," అంది మామ్మ. "మనం పాకం కూడా లేకుండా చేద్దాం. కోకో అంటే మన తోటలో కాసేదేనా?"

అదే. కొబ్బరిచెట్ల నీడన అంతరపంటగా కోకో వేయడం గోదావరి జిల్లాల్లో ఇప్పుడు మామూలే. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ది ముందు వరస. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో ఉన్న గింజలను అరటాకులు కప్పి ఆరేడు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి చాక్లెట్ కంపెనీలకు అమ్ముతారు. పులియబెట్టకపోతే ఎంత వేయించినా చాక్లెట్ వాసన రాదు. ఇంట్లో బస్తా అడుగున మిగిలిన గింజలు ఉన్నాయి. ఇన్నేళ్ళలో వాటిని ఎవరూ నోట్లో వేసుకుని చూడలేదు. పండించిన ఊళ్ళో ఆ పంట రుచి తెలియకపోవడం నాకు బాధగానే ఉండేది.

రెండు గుప్పెళ్ళ కోకో గింజలు సన్న సెగ మీద పావుగంట వేయించారు. పొట్టు చిట్లి, ఇంటి నిండా చాక్లెట్ వాసన వచ్చింది. పిల్ల నలిపితే మామ్మ చేటలో చెరిగి పొట్టు ఊదేసింది. మిగిలిన నల్లటి పలుకులు నాలో పడ్డాయి. అప్పటికి మిట్టమధ్యాహ్నం ఎండ వసారాలోకి వాలి నా ఒళ్ళంతా వెచ్చగా ఉంది. అది కలిసొచ్చింది. కోకో పలుకుల్లోనూ సగానికి పైగా కొవ్వే ఉంటుంది, కాకపోతే అది 34 డిగ్రీల దగ్గర గానీ కరగదు. మెక్సికోలో కోకో నూరే రాతి బల్లల కింద నిప్పులు పెట్టేది అందుకే. నాకు ఆ పని సూర్యుడు చేసిపెట్టాడు.

చిన్న రోకలి పిల్ల చేతికిచ్చారు. పలుకులు ముందు చిట్లాయి, తర్వాత ముతక పొడి అయ్యాయి. అక్కడితో పిల్ల చేతులు నొప్పెట్టి ఆపబోయింది. "ఇంకొంచెం వెయ్యవే తల్లీ, ఇప్పుడే వస్తుంది చూడు," అంది మామ్మ. వచ్చింది. పొడి ఉన్నట్టుండి మెత్తబడి, నిగనిగలాడుతూ నా గోడలకు పట్టేసింది. పిల్ల రోకలి వదిలేసి గుంటలోకి తల వంచి చూసింది. "నీళ్ళు పోయలేదుగా మామ్మా!" అని రెండు మూడుసార్లు అంది.

దానికి వేయించి పొట్టు తీసిన గ్లాసుడు పల్లీలు కలిశాయి. అవీ నూనె వదిలాక ముప్పావు గ్లాసు బెల్లం కోరు పడింది. బెల్లంలోని తేమ తగలగానే జారుగా ఉన్న ముద్ద బిగుసుకుంది. కరిగిన చాక్లెట్‌లో నీటిచుక్క పడితే గడ్డకట్టేది ఇందుకే. అక్కడ అది చేటు, ఇక్కడ మాకు కావలసింది. ఓట్స్ ఊళ్ళో దొరకలేదు. కరకరలాడేలా వేయించిన గ్లాసుడు అటుకులు వేసి, రోకలి పక్కన పెట్టి చేత్తో కలిపారు. అటుకులు దంచితే కరకర పోతుంది. అరటాకు మీద ఉండలు పెట్టి అరచేత్తో అదిమి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టారు. పిల్ల మొదటిది తీసుకెళ్ళి వాళ్ళ తాతయ్య నోట్లో పెట్టింది. ఆయన తోటలో కోకో వేసి చాలా ఏళ్ళయింది. నమిలి, "ఇదా మన గింజ!" అన్నాడు.

ఆ సాయంత్రం పిల్ల ఇంకో మాట అడిగింది. వాళ్ళ బడిలో వేరుశనగ పడని పిల్లలున్నారట, వాళ్ళకు ఎలా చేయాలని. నువ్వులతో చేయొచ్చని మామ్మ అనబోయింది. నువ్వులు కూడా కొందరికి పడవనీ, అమెరికాలో 2023 నుంచి ఆహారపు పొట్లాల మీద నువ్వులున్న సంగతి తప్పనిసరిగా వేయాలన్న చట్టం అమల్లో ఉందనీ పిల్ల చెప్పింది. మామ్మ శ్రద్ధగా విని, "అయితే అడిగే పెట్టు తల్లీ," అంది.

మీ పెరట్లో నాలాంటిది బోర్లించి ఉంటే లేపండి. కక్కు కొట్టేవాళ్ళు ఇప్పుడు అరుదుగా వస్తున్నారు, కనిపిస్తే పిలవండి. రాతి రోలు లేని ఇళ్ళలో మిక్సీతోనే చేసుకోండి. ఒకేసారి తిప్పకుండా ఆపి ఆపి తిప్పి, మధ్యలో గరిటెతో కింది పొడి పైకి తెచ్చుకోండి. బెల్లం ముదురు రంగుది తీసుకోండి, తెల్లగా మెరవడానికి మందు కలిపినది వద్దు. వేయించిన గింజలు పూర్తిగా చల్లారాకే లోపల వేయండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, పొయ్యి దగ్గర కాదు కనక భయం లేదు. పొడి అయ్యిందని ఆపకండి, ఇంకాస్త దంచండి.